పదిహేనేళ్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాడని కోడ్ తీసేయాలా, వదిలేయాలా?

జీడిపప్పు_పీహెచ్‌పీ

మా ఆఫీసు శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. చిన్న కంపెనీ, పేరు చెప్పను. పలాస జీడి ఫ్యాక్టరీలకీ, చుట్టుపక్కల రైస్ మిల్లులకీ బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్ ఇస్తాం. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్. వ్యాట్ (జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను) రోజుల్లో మొదలైంది. అప్పుడు రాసినవాళ్లు ఒక్కరూ ఇప్పుడు లేరు, హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయారు.

ఒక్క బిల్లు ప్రింటుకే బిల్, బిల్_న్యూ, బిల్_న్యూ2, బిల్_ఫైనల్, బిల్_ఫైనల్_ఒరిజినల్ అని ఫైళ్లున్నాయి. జీఎస్టీ వచ్చింది 2017 జులై 1న. అయినా వ్యాట్ లెక్కలు, సీ ఫారం (వేరే రాష్ట్రంతో వ్యాపారానికి అప్పట్లో వాడిన పన్ను ఫారం) ప్రింటు, పాత వేబిల్లు అన్నీ అలాగే కూర్చున్నాయి. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే పన్ను నంబరు) మార్పు తీసుకెళ్లి బిల్_న్యూ2లో చేసి, స్క్రీన్ మీద ఏమీ మారట్లేదేంటని జుట్టు పీక్కుంది. అసలు నడిచేది బిల్_న్యూ. పేరు చూసి ఎవరు మాత్రం చెప్పగలరు?

ఇవన్నీ తీసేద్దాం సార్ అంటే మా సార్ అనే మాట ఒక్కటే: "ఉంటే నిన్నేమైనా అన్నం అడుగుతోందా?"

ఏది వాడుతున్నారు, ఏది వాడటం లేదు అనేది ఖాయంగా తేల్చుకోవడం ఎలా? సార్‌ని ఒప్పించడం ఎలా? రెండోదే కష్టం అనుకుంటున్నాను.

గంటస్తంభం_బడ్డీ

ఐదే ఫైళ్లా? అదృష్టవంతులు. మా దగ్గర "డిలీట్_చేయొద్దు_ప్లీజ్" అని ఏకంగా ఒక ఫోల్డరే ఉంది. ఎవరు ఎవర్ని బతిమాలుకున్నారో ఇప్పుడు ఎవరికీ తెలీదు.

సిరిమాను

మీ సార్ చెప్పిందే కరెక్టు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ ముందు చేతులు దురద పెట్టేది డిలీట్ కీ మీదే.

వ్యాట్ పోయింది కాబట్టి వ్యాట్ కోడ్ పోవాలి అంటున్నారు. మీ క్లయింట్లలో ఎవరికైనా వ్యాట్ అసెస్‌మెంట్ అప్పీలు ఇంకా నడుస్తోందేమో కనుక్కున్నారా? ఆడిటర్ వచ్చి 2014 నాటి ఇన్‌వాయిస్ అప్పటి ఫార్మాట్‌లోనే తీసి ఇమ్మంటే ఏం చేస్తారు? జీఎస్టీలో కూడా వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు దాచాలని చట్టంలోనే ఉంది. కేసు ఉంటే ఇంకా ఎక్కువ.

ఇంకోటి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా సరుకులు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి కదా. ఇక 12 అక్కర్లేదని ఆ లెక్క తీసేశారనుకోండి. ఆగస్టులో అమ్మిన సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోటు ఏ రేటు మీద కొడతారు? పాత బిల్లు రేటు మీదే కొట్టాలి. దానికి మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబరు 30 దాకా టైం ఉంటుంది. "పాతది" అన్నా "వాడనిది" అన్నా ఒకటే అనుకోకండి.

నాగావళి_గట్టు

@సిరిమాను 12 శాతం సంగతి ఒప్పుకుంటాను. అయినా రేటు అన్నది టేబుల్‌లో తేదీతో ఉండాల్సిన డేటా. కోడ్‌లో ఇఫ్ పెట్టి 12 అని రాసుకుంటే అది వేరే రోగం.

వ్యాట్ బిల్లుల విషయంలో మాత్రం ఒప్పుకోను. పాత బిల్లు మళ్లీ తీయడానికి లెక్క మళ్లీ కట్టడం ఎందుకు? అప్పుడు కట్టిన అంకెలు టేబుల్‌లో ఉన్నాయి. ఒకసారి కూర్చుని ఆ బిల్లులన్నీ పీడీఎఫ్ చేసి, ఏడాదికో ఫోల్డర్‌లో పెట్టి క్లయింట్‌కి ఇచ్చేయండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. కాపాడాల్సింది కాగితాన్ని. వ్యాట్ లెక్క కట్టే ఫంక్షన్‌ని కాదు.

ఆ పాత ఫంక్షన్‌తో ఇవాళ మళ్లీ ప్రింటు తీస్తే అప్పటి బిల్లే వస్తుందని గ్యారంటీ ఉందా? మధ్యలో రౌండింగ్ ఎవరైనా మార్చి ఉంటే, ఆడిటర్ చేతిలో ఉన్న కాగితానికీ మీ ప్రింటుకీ పైసల్లో తేడా వస్తుంది. అప్పుడు చూడాలి సరదా.

సిరిమాను

పీడీఎఫ్ ఐడియా బాగానే ఉంది. కానీ అది చేయడానికైనా ఆ కోడ్ ఒకసారి నడవాలిగా. అంటే ముందు పీడీఎఫ్‌లు, వాటిని సరిచూడటం, ఆ తర్వాతే డిలీట్. వరుస మార్చకండి.

జీడిపప్పు_పీహెచ్‌పీ

@నాగావళి_గట్టు రౌండింగ్ నిజంగానే మారింది, గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచే టూల్) లాగ్‌లో కనిపించింది. సార్‌కి చూపించడానికి ఇది పనికొస్తుంది, థాంక్స్.

గిట్ కూడా మాకు మధ్యలో వచ్చిందే. అంతకుముందు అంతా జిప్ ఫైళ్లు. "దసరా ముందు బ్యాకప్" అని ఒకటుంది, ఏ దసరాయో రాయలేదు.

గంటస్తంభం_బడ్డీ

విజయనగరం వాళ్లని అడగండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత మంగళవారం. వేళ్ల మీద లెక్క కట్టి చెప్పేస్తాం 😄

కోడ్_కొడవలి

సార్‌ని ఒప్పించాలంటే నైట్ క్యాపిటల్ కథ చెప్పండి. అమెరికాలో షేర్ల ట్రేడింగ్ కంపెనీ. వాళ్ల ఆర్డర్ రూటర్‌లో పవర్ పెగ్ అనే పాత ఫంక్షన్ ఉండేది. 2003లోనే వాడటం మానేశారు, కానీ తీయలేదు. 2005లో దాని పక్కనున్న ఒక ముక్కని, అంటే ఆర్డర్ ఎంత పూర్తయిందో లెక్కపెట్టి ఇక చాలు ఆగు అని చెప్పే ముక్కని, అక్కడి నుంచి వేరే చోటికి జరిపారు. పవర్ పెగ్ ఇంకా సరిగ్గా పనిచేస్తోందా అని మళ్లీ పరీక్షించిన పాపాన పోలేదు. వాడటం లేదుగా మరి!

2012లో కొత్త ఫీచర్ కోసం పాత పవర్ పెగ్ ఫ్లాగ్‌నే, అంటే దాన్ని ఆన్ చేసే గుర్తునే, మళ్లీ వాడారు. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఎక్కించాలి, ఒకదాంట్లో ఎక్కించడం మరిచారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో సర్వర్‌లో ఫ్లాగ్ పాత పవర్ పెగ్‌ని నిద్ర లేపింది. ఆగు అని చెప్పే ముక్క లేదు కాబట్టి ఆర్డర్లు పంపుతూనే ఉంది. 45 నిమిషాల్లో 40 లక్షల పైచిలుకు లావాదేవీలు, 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 2013లో ఇచ్చిన ఆర్డర్‌లో ఇదంతా పూసగుచ్చినట్టు ఉంది.

వాడని కోడ్ అన్నం అడగదు, నిజమే. ఆస్తులు రాసిమ్మంటుంది.

సిరిమాను

ఈ కథ ప్రతి చోటా ఇలాగే చెబుతారు. అక్కడ తప్పు ఫ్లాగ్‌ని మళ్లీ వాడటం. రెండో తప్పు డిప్లాయ్‌మెంట్ సరిచూసుకోకపోవడం. పవర్ పెగ్ ఎనిమిదేళ్లు పైగా ఎవరికీ ఏ హానీ చేయకుండా పడి ఉంది కదా?

కోడ్_కొడవలి

లేకపోయి ఉంటే ఫ్లాగ్ దేన్ని లేపేది?

సిరిమాను

తీసేటప్పుడే ఇంకేదైనా విరిచి ఉంటే మీరు ఇంకో కథ చెబుతూ ఉండేవాళ్లు.

కోడ్_కొడవలి

విరిగితే ఆ రోజే తెలుస్తుంది, ఆ కమిట్ (గిట్‌లో దాచిన మార్పు) వెనక్కి తీస్తాం. పడి ఉన్నది ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు? మనం ఎంచుకున్న రోజున విరగడమే నాకిష్టం.

బొబ్బిలి_తీగ

మీ ఇద్దరి గొడవ తర్వాత. అసలు "వాడటం లేదు" అని తేల్చేది ఎలా అన్నది మొదటి ప్రశ్న, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

గ్రెప్‌లో (ఫైళ్లలో మాట వెతికే కమాండ్‌లో) దొరకలేదు కాబట్టి వాడటం లేదు అనుకోవడమే పెద్ద గొయ్యి. నేను బొబ్బిలిలో ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి జావాలో పేరోల్ పని చేస్తాను. మా దాంట్లో అలవెన్సు లెక్క కట్టే క్లాసుల పేర్లు కోడ్‌లో ఎక్కడా ఉండవు. డేటాబేస్ టేబుల్‌లో ఉంటాయి. అక్కడి నుంచి పేరు చదివి రిఫ్లెక్షన్‌తో క్లాసుని తెస్తుంది. ఎడిటర్ మాత్రం వాటిని బూడిద రంగులో చూపిస్తుంది, అంటే ఎవరూ పిలవడం లేదని. నెలాఖరుకి జీతాలు పడేది వాటి మీదే.

పీహెచ్‌పీలో ఇంకా ఘోరం. ఫంక్షన్ పేరు వేరియబుల్‌లో పెట్టి పిలుస్తారు. ఇన్‌క్లూడ్ చేసే ఫైలు పేరు ముక్కలు ముక్కలుగా అతికిస్తారు. "బిల్_" పక్కన క్లయింట్ సెట్టింగ్ నుంచి వచ్చిన "న్యూ2" అతికించి ఉంటే, బిల్_న్యూ2 అన్న మాట కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు. అందుకని మీ మెనూ టేబుల్, రిపోర్టుల టేబుల్, క్రాన్‌ట్యాబ్ (సర్వర్‌లో టైం ప్రకారం నడిచే పనుల జాబితా), క్లయింట్ సిస్టంలో టాస్క్ షెడ్యూలర్, డెస్క్‌టాప్ మీద ఎవరో పెట్టిన బ్యాచ్ ఫైళ్లు, అన్నీ వెతకండి. బుక్‌మార్కులు కూడా. నవ్వకండి, మెనూలోంచి తీసేసిన పేజీని బుక్‌మార్క్‌లోంచి రోజూ తెరిచే అకౌంటెంట్లు ఉంటారు.

జీడిపప్పు_పీహెచ్‌పీ

అక్కా, మీ పోస్టు చదివి ఇప్పుడే క్లయింట్ సెట్టింగుల టేబుల్ చూశాను. బిల్ ఫార్మాట్ అని ఒక కాలమ్ ఉంది. అందరికీ "న్యూ" ఉంది, టెక్కలి వైపు ఒక మిల్లుకి మాత్రం "న్యూ2" ఉంది!!

అంటే ఆ అమ్మాయి చేసిన మార్పు ఒక్క ఆ మిల్లు బిల్లుల్లో పనిచేస్తూ ఉండి ఉంటుంది.

గంటస్తంభం_బడ్డీ

ఆ మిల్లు ఓనర్‌కి ఒక స్వీట్ బాక్స్ పంపించండి. ఫ్రీగా టెస్టింగ్ చేశాడు.

ఉద్దానం_కొబ్బరి

ఏటి బావూ ఇదంతా. కోడ్ మొత్తం ఏఐకి ఇచ్చీసి వాడనిది తీసీ అంటే తీసీదా? మా గుంటడు అలాగే సేస్తన్నాడు.

బొబ్బిలి_తీగ

@ఉద్దానం_కొబ్బరి ఇప్పుడు పైన జరిగింది చూడండి. కోడ్ మొత్తం ఇచ్చినా ఆ "న్యూ2" కోడ్‌లో లేదు, డేటాబేస్‌లో ఉంది. దానికి డేటాబేస్ చూపించకపోతే అది కూడా మీ గుంటడిలాగే ధైర్యంగా తీసేస్తుంది. వెతకడానికి వాడుకోండి, బాగా పనికొస్తుంది. తీర్పు దానికి వదలకండి.

అరసవల్లి_ఎండ

తీర్పు మెషీన్‌కి వదిలేసే చోట్లు కూడా ఉన్నాయి. గూగుల్‌లో సెన్సెన్‌మాన్ అని ఒక సిస్టం ఉంది. ఏ బైనరీ చాలాకాలంగా నడవలేదో లాగ్‌లు చూసి, తీసేసే మార్పు తానే తయారుచేసి, ఆ కోడ్ సొంతదారుడికి రివ్యూకి పంపుతుంది. వాళ్లే 2023లో రాసుకున్నారు. కాకపోతే అక్కడ కోడ్ దాదాపు అంతా ఒకే రిపోజిటరీలో, ఏది ఎప్పుడు నడిచిందో లాగ్‌లు కూడా చేతిలోనే. మనకి క్లయింట్‌కో కాపీ, కాపీకో కథ.

రాజాం_రోడ్డు

పాతది అన్నా వాడనిది అన్నా ఒకటి కాదు అని @సిరిమాను అన్నదానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. మా పక్క టీం చేసేది మిల్లులకి గేట్‌పాస్ సాఫ్ట్‌వేర్. లారీ లోపలికి వచ్చేటప్పుడు నంబరు కొడితే అది సరైన నంబరో కాదో చూసే ఫంక్షన్ ఒకటి. దాంట్లో జిల్లాల పట్టిక: ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 31 విశాఖ, ఏపీ 35 విజయనగరం, ఇలా. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయిపోయింది, తర్వాత ఏపీ 40 వచ్చింది. ఇక ఈ పట్టిక ఎందుకని ఒకాయన పీకేసి కొత్త సిరీస్‌లు మాత్రం ఉంచాడు. టెస్టులు అన్నీ పచ్చగా పాసయ్యాయి, ఎందుకంటే టెస్టుల్లో నంబర్లన్నీ ఏపీ 39వే.

తెల్లారేసరికి మిల్లు గేటు దగ్గర ఏపీ 30 లారీ, దాని వెనక ఇంకో ఏపీ 30, దాని వెనక ఏపీ 35. గేటు దగ్గర కుర్రాడు నంబరు కొడుతున్నాడు, ఎర్ర గీత వస్తోంది. మళ్లీ కొడుతున్నాడు. డ్రైవరు దిగి వచ్చి ఆర్సీ చూపిస్తున్నాడు, స్క్రీన్‌కి ఆర్సీ చూపిస్తే ఏం లాభం? చివరికి ఆ కుర్రాడే తెలివిగా అన్నింటికీ ఏపీ 39 అని పెట్టి, వెనక నంబరు మాత్రం అసలుది కొట్టి లోపలికి పంపేశాడు. ఆ రోజు స్టాకు రికార్డులో ఉన్న లారీలు భూమ్మీద లేవు.

రిజిస్ట్రేషన్ మారింది కొత్త బండ్లకి. పాత బండ్లు పాత నంబరుతోనే తిరుగుతున్నాయి.

గంటస్తంభం_బడ్డీ

రాజాం వాళ్లకి ఇవన్నీ అలవాటే కదా. 2022 ఏప్రిల్ 4న మీ జిల్లానే మార్చేశారు. శ్రీకాకుళంలో పడుకుని విజయనగరంలో లేచారు.

రాజాం_రోడ్డు

దాని మీద నవ్వాలో ఏడవాలో తెలీదు. చాలా సాఫ్ట్‌వేర్లలో మా ఊరు ఇంకా శ్రీకాకుళం జిల్లా కిందే వస్తుంది. పాలకొండ వాళ్లయితే పార్వతీపురం మన్యం జిల్లా డ్రాప్‌డౌన్‌లో లేక మాకంటే ఎక్కువ తిప్పలు పడ్డారు.

జీడిపప్పు_పీహెచ్‌పీ

జిల్లాలంటే గుర్తొచ్చింది. మా దాంట్లో పన్ను నంబరు మొదటి రెండు అంకెలు 28 అయితే ఆంధ్రప్రదేశ్ అని ఒక ఇఫ్, దాని కిందే 37 అయితే ఆంధ్రప్రదేశ్ అని ఇంకో ఇఫ్. 28 తీసేయొచ్చా? జీఎస్టీలో మనది 37 కదా.

సిరిమాను

28 ఉమ్మడి రాష్ట్రం నాటి టిన్ (వ్యాట్ రిజిస్ట్రేషన్) నంబర్లది. 2014లో విడిపోయాక మనకి 37, తెలంగాణకి 36. కొత్త పార్టీని చేర్చే స్క్రీన్‌లో 28 అక్కర్లేదు, ధైర్యంగా తీసేయండి. పాత లెడ్జర్ చూపించే చోట మాత్రం పాత పార్టీల నంబర్లు ఇంకా 28తోనే ఉంటాయి, అక్కడ ఉంచండి. ఒకే ఫంక్షన్ రెండు చోట్లా వాడుతుంటే ముందు దాన్ని రెండు చేయండి.

చూశారా, నేను కూడా "తీసేయండి" అన్నాను. కొడవలి గారు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

కోడ్_కొడవలి

ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో పెడతాను 🙏

కోట_జంక్షన్

విజయనగరంలో ఒక సహకార సంఘానికి క్యాష్ లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తాను. సాయంత్రం క్యాషియర్ నోట్ల వివరం కొట్టే స్క్రీన్ ఉంటుంది కదా: 2000 ఎన్ని, 500 ఎన్ని, 200 ఎన్ని. దాంట్లో ఇప్పటికీ 1000 నోటు గడి ఉంది. 2016 నవంబరు 8న రద్దయిన నోటు. క్యాషియర్ రోజూ ఆ గడిలో సున్నా కొట్టి ఎంటర్ కొట్టి కిందికి వెళుతుంది. ఖాళీగా వదిలితే సేవ్ అవదు.

తీసేయడానికి ఐదు నిమిషాల పని అనిపిస్తుంది. లోపలికి వెళితే ఆ నోట్ల జాబితా ఒకటే, ఎంట్రీ స్క్రీన్‌కీ పాత రోజుల రిపోర్టుకీ కలిపి అదే. 1000ని జాబితాలోంచి తీస్తే 2015 నాటి రోజు రిపోర్టులో మొత్తం తగ్గిపోతుంది, నోట్ల వివరానికీ చేతిలో నగదుకీ పొంతన కుదరదు. పైగా టేబుల్‌లో నోటు విలువ దాచలేదు, జాబితాలో ఎన్నో స్థానం అనేది దాచారు. అంటే 1000ని తీస్తే దాని కిందున్నవన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. 1000 నోట్లు 500 నోట్లయిపోతాయి.

ఇలాంటి చోట తీసే పని కాదు, మరమ్మతు పని. ముందు నోటు విలువని టేబుల్‌లో పెట్టాలి, ప్రతి నోటుకీ "ఎప్పటి నుంచి ఎప్పటి వరకు" అని తేదీలు ఇవ్వాలి. ఆ తర్వాత ఎంట్రీ స్క్రీన్ ఈ రోజు తేదీకి చెల్లేవే చూపిస్తుంది, రిపోర్టు ఆ రోజు తేదీకి చెల్లినవి చూపిస్తుంది. 2000 నోటుని 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వ్ బ్యాంక్ చెప్పినప్పుడు ఈ పని చేయడానికి మంచి సందు దొరికింది. "ఇప్పుడు టైం లేదు" అన్నారు.

బొబ్బిలి_తీగ

"1000 నోట్లు 500 నోట్లయిపోతాయి" 😂 ఆ సంఘంలో నా ఖాతా ఉంటే మూసేయండి.

అరసవల్లి_ఎండ

పెద్ద ప్రాజెక్టులు ఎలా చేశాయో చెబుతాను, మీ సార్‌కి పనికొస్తుందేమో. లిబ్రాఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకి ఉచిత సాఫ్ట్‌వేర్) 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయింది. దాని మూలం జర్మనీ వాళ్ల స్టార్‌ఆఫీస్, ఎనభైల నాటి వంశం. కోడ్‌లో కామెంట్లు కూడా జర్మన్‌లోనే ఉండేవి. ఎవరూ పిలవని ఫంక్షన్లని కాల్‌క్యాచర్ అనే టూల్‌తో పట్టి, ఆ జాబితాని రిపోజిటరీలోనే ఒక ఫైలుగా పెట్టారు. కొత్తగా చేరేవాళ్లకి ఇచ్చే తేలిక పనుల్లో అదొకటి: జాబితాలోంచి ఒకటి తీసుకో, నిజంగా ఎవరూ వాడటం లేదని చూసుకో, తీసేయ్, పంపు. కొత్తవాడికి కోడ్ పరిచయం అవుతుంది, చెత్త కూడా తగ్గుతుంది. మీ ఆఫీసులో కొత్త అమ్మాయికి ఈ పని ఇవ్వండి. బిల్_న్యూ2 దెబ్బ తిన్న మనిషి కాబట్టి కసిగా చేస్తుంది.

కోడ్_కొడవలి

లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ కూడా చెప్పండి. 2014లో ఇంటర్నెట్ ఎన్‌క్రిప్షన్ కోడ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వాళ్లు ఆ కోడ్ తీసుకుని మొదటి వారంలోనే 90 వేల లైన్లు పీకేశారు. వీఎంఎస్, పాత మ్యాక్, ఎప్పుడో పోయిన సిస్టంల కోసం రాసినవి.

సిరిమాను

అది వేరే ప్రాజెక్టుగా విడిపోయాక చేశారు. వీఎంఎస్ కావాల్సినవాళ్లకి పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అలాగే ఉంది. మన మిల్లు వాళ్లు ఎక్కడికి పోతారు?

నాగావళి_గట్టు

దానికి లైనక్స్ కెర్నల్ దగ్గర మంచి పద్ధతి ఉంది. 2018లో 4.17 వెర్షన్‌లో ఎనిమిది ప్రాసెసర్ రకాలకి సపోర్టు తీసేశారు, సుమారు 5 లక్షల లైన్లు. అవన్నీ మరీ పాతవేం కాదు. వాటిని చూసుకునే మనిషి లేడు, కొత్త కెర్నల్ వేసి నడిపేవాడు లేడు, అదీ కారణం. ఇటానియం అనే ప్రాసెసర్‌కి సపోర్టు కూడా 6.7లో పోయింది. అంతకుముందు దాన్ని అనాథగా ప్రకటించి, కావాల్సినవాళ్లు ఎవరైనా ముందుకొస్తారా అని చూశారు. వయసు చూసి తీయరు. దాని గురించి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉన్నాడా అని చూస్తారు. మీ సీ ఫారం ప్రింటుకి అలాంటి మనిషి ఉన్నాడా?

జీడిపప్పు_పీహెచ్‌పీ

సీ ఫారంకి ఎవరూ లేరు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు కోడ్ సంగతేంటి? అది కూడా పాతదే, మూడు ఫైళ్లున్నాయి.

రాజాం_రోడ్డు

దాని జోలికి మాత్రం వెళ్లొద్దు. మిల్లుల్లో ఇప్పటికీ కార్బన్ కాపీ కోసం డాట్ మ్యాట్రిక్సే. ఒకటి లారీ డ్రైవరుకి, ఒకటి గేటుకి, ఒకటి ఆఫీసుకి. లేజర్‌లో మూడుసార్లు కొట్టుకో అంటే "అంత టోనర్ నువ్వు కొంటావా" అంటారు.

బొబ్బిలి_తీగ

ఊహలు ఎందుకు, లాగ్ పెట్టండి. అనుమానం ఉన్న ప్రతి ఫైలు పైనా, ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ ఒక్క లైను: ఏ ఫైలు, ఏ క్లయింట్, ఏ తేదీ అని ఒక టేబుల్‌లో రాసేది. టూంబ్‌స్టోన్ అంటారు దీన్ని. వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లు కూడా పనికొస్తాయి కానీ అవి మామూలుగా కొద్ది వారాలే ఉంటాయి, తిరగరాసేస్తాయి. లోపలి నుంచి ఇన్‌క్లూడ్ అయ్యే ఫైళ్లు వాటిలో కనిపించవు కూడా.

ఎంతకాలం పెట్టాలన్నది ముఖ్యం. నెల చాలదు. మార్చి 31 క్లోజింగ్ ఏడాదికి ఒకసారే నడుస్తుంది. మీది జీడి వ్యాపారం, ఉద్దానంలో పంట వచ్చేది వేసవిలో. పిక్కల కొనుగోలు స్క్రీన్లు నవంబరులో చూస్తే చచ్చిపోయినట్టే కనిపిస్తాయి. ఒక క్లోజింగ్, ఒక సీజన్ దాటే వరకు ఓపిక పట్టండి.

కోడ్_కొడవలి

ఏడాది ఆగమంటే ఆలోపు ఈయన కూడా హైదరాబాద్ వెళ్లిపోతాడు.

బొబ్బిలి_తీగ

అన్నింటికీ ఏడాది అక్కర్లేదు. ఏ దారిలోనూ చేరలేని కోడ్ ఉంటుంది కదా: రిటర్న్ కింద రాసిన లైన్లు, ఇఫ్ ఫాల్స్‌లో పెట్టినవి, కామెంట్ చేసి వదిలేసిన పేజీలకు పేజీలు. వాటికి లాగ్ ఎందుకు, ఇవాళే తీసేయొచ్చు. పీహెచ్‌పీస్టాన్ లాంటి టూల్ నడిపితే కామెంట్లు తప్ప మిగతావి చాలావరకు అదే పట్టిస్తుంది. పైథాన్ అయితే వల్చర్, ఆండ్రాయిడ్ అయితే ఆర్8 బిల్డ్‌లోనే కత్తిరిస్తుంది. లాగ్ అనేది ఎటూ తేలని వాటికే.

కోట_జంక్షన్

పని మీద పనిగా చేస్తే టైం విడిగా అడగక్కర్లేదు. ఏ ఫీచర్ కోసం ఏ ఫైలు ముట్టుకుంటే ఆ ఫైలులో చెత్త తీసేయండి.

నాగావళి_గట్టు

సగం ఒప్పుకుంటాను. ఒకే రోజు చేయండి, ఒకే కమిట్‌లో వద్దు. కొత్త ఫీచర్‌లో తప్పొచ్చి వెనక్కి తీస్తే, తీసేసిన చెత్త కూడా తిరిగొస్తుంది. డిలీట్‌లో తప్పొస్తే ఫీచర్ పోతుంది. డిలీట్ కమిట్‌లో డిలీట్ తప్ప ఇంకేమీ ఉండకూడదు, స్పేసులు సర్దడం కూడా. సందేశంలో ఏం చూసి తీశారో రాయండి: "సెట్టింగుల టేబుల్‌లో లేదు, క్రాన్‌లో లేదు, లాగ్‌లో ఫలానా తేదీ నుంచి ఒక్కసారీ రాలేదు" అని. రేపు ఎవరైనా గిట్ లాగ్‌కి మైనస్ ఎస్ పెట్టి ఆ ఫంక్షన్ పేరు వెతికితే నేరుగా ఇక్కడికే వస్తారు.

ఉద్దానం_కొబ్బరి

మా గుంటడికి ఈ పేజీ పంపించినాను. "ఇంత ఎవులు సదువుతారు నాన్నా, సారాంశం సెప్పు" అంటన్నాడు.

జీడిపప్పు_పీహెచ్‌పీ

అప్‌డేట్. ఇవాళ సార్‌తో మాట్లాడాను. నైట్ క్యాపిటల్ కథ చెబితే "మనం షేర్లు అమ్ముతున్నామా" అన్నారు. రౌండింగ్ సంగతి, టెక్కలి మిల్లు సంగతి చెప్పాను. రెండోది విని లేచి కూర్చున్నారు. ఆ మిల్లుకి న్యూ2 ఎందుకు పెట్టారో ఆయనకే గుర్తొచ్చింది: వాళ్ల ప్రింటర్ కాగితం వెడల్పు వేరు, అందుకని మార్జిన్ మార్చిన కాపీ అది. అంతే. రెండు ఫైళ్ల మధ్య డిఫ్ తీసి చూస్తే మార్జిన్ రెండు లైన్లు, ఆ అమ్మాయి మార్పు, ఇంకేం తేడా లేదు.

నిర్ణయం: మార్జిన్ సెట్టింగ్‌లోకి వెళుతుంది, బిల్_న్యూ2 పోతుంది. బిల్_ఫైనల్, బిల్_ఫైనల్_ఒరిజినల్ ఏ సెట్టింగ్‌లోనూ లేవు, వాటి మీద లాగ్ పెట్టాం. సీ ఫారం మెనూలోంచి తీస్తాం, ఎవరైనా అడిగితే చూద్దాం అన్నారు. వ్యాట్ పీడీఎఫ్‌లు ఒక్కో క్లయింట్‌కీ చేసి సంతకం తీసుకున్నాకే కోడ్ ముట్టుకోవాలట. డాట్ మ్యాట్రిక్స్ మాట ఎత్తితే నన్ను ఎగాదిగా చూశారు.

టేబుళ్ల సంగతి అడగలేదు. వ్యాట్_రిటర్న్ అని ఒక పది టేబుళ్లున్నాయి.

కోట_జంక్షన్

టేబుళ్లు మాత్రం డ్రాప్ చేయొద్దు. కోడ్ అయితే గిట్‌లో ఉంటుంది, డేటా గిట్‌లో ఉండదు. పేరు ముందు ఏదైనా గుర్తు చేర్చి రీనేమ్ చేసి వదిలేయండి. ఎవరికైనా కావాలంటే ఎర్రర్ రూపంలో అరుపు వినిపిస్తుంది, పేరు తిరిగి మారిస్తే సరిపోతుంది. అరుపు రాకపోతే మార్చి క్లోజింగ్ అయ్యాక డంప్ తీసి, దాన్ని వేరే సిస్టంలో ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూసి, అప్పుడు ఆలోచించండి.

సిరిమాను

రీనేమ్ చేసే ముందు వ్యూలు (టేబుల్ మీద దాచిపెట్టిన క్వెరీలు), ట్రిగ్గర్లు (టేబుల్ మారితే తమంతట నడిచే కోడ్) చూడండి. టేబుల్ పేరు మారిస్తే దాని మీదున్న వ్యూ మైఎస్‌క్యూఎల్‌లో తనంతట తాను మారదు, ఎవరో రిపోర్టు తెరిచినప్పుడు ఎర్రర్ ఇస్తుంది. శనివారం సాయంత్రం చేయకండి.

బొబ్బిలి_తీగ

లాగ్ టేబుల్‌లో ప్రతిసారీ కొత్త వరుస రాయకండి. ఫైలు, క్లయింట్ కలిపి యూనిక్ కీ పెట్టి, ఉన్న వరుసలోనే చివరి తేదీ మార్చండి. లేదంటే అనుమానంతో లాగ్ పెట్టిన ఫంక్షన్ నిజానికి ప్రతి బిల్లుకీ వందసార్లు నడిచేది అయితే, సీజన్ మధ్యలో డిస్క్ నిండి బిల్లింగే ఆగుతుంది.

జీడిపప్పు_పీహెచ్‌పీ

మొన్న పెట్టింది ప్రతిసారీ కొత్త వరుసే రాస్తోంది. ఇప్పుడే మారుస్తున్నాను.